ముక్కు ఎత్తితే విమానం ఎగురుతుంది, బోటు తిరగబడుతుంది

గన్నవరం రన్‌వే మీద పరుగెత్తే విమానం ముక్కు ఎత్తి గాల్లోకి లేస్తుంది. రేసు బోటు అలా ముక్కు ఎత్తితే వెనక్కి తిరగబడుతుంది. 2018 నవంబరు 16 నుంచి 18 దాకా విజయవాడ దగ్గర కృష్ణలో జరిగిన ఎఫ్‌1హెచ్‌2ఓ పవర్‌బోటు పోటీల్లో పరుగులు తీసినవి అలాంటి బోట్లే. వాటికి రెండు పక్కలా స్పాన్సన్లు, అంటే నీటిని తాకే పొడవాటి భాగాలు, ఉంటాయి. ఆ రెంటి మధ్య దూరిన గాలి బోటును పైకి లేపుతుంది. నీటిని తాకే భాగం తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. అయితే తాకాల్సిన ఆ కాస్తా తాకుతూనే ఉండాలి. రిమోట్‌తో నడిపే చిన్న బోటుకూ ఇదే సూత్రం.

వేగం చాలలేదనగానే చాలామంది పెద్ద మోటారు కొంటారు. మనమూ అంతే. ఇంకో కోర్సులో చేరతాం, ఇంకో రెండు గంటలు నిద్ర తగ్గిస్తాం. అమరిక కుదరని బోటుకు బలం పెంచితే ఇంకా త్వరగా తిరగబడుతుంది.

ముందు బోటు అడుగు చూడండి. బోటును బోర్లించి, అడుగున స్కేలు ఆనించండి. వెనక భాగం ఉబ్బి ఉంటే బోటు ఎగిరెగిరి పడుతుంది. లోపలికి గుంటపడితే ముక్కు నీటిలోకి దిగుతుంది. రెండు స్పాన్సన్ల కోణం ఒకేలా లేకపోతే పక్కకు లాగుతుంది. మార్కులు తగ్గిన విద్యార్థి కూడా కొత్త పుస్తకం కొనేముందు పాత పాఠాల్లో ఎక్కడ గుంట ఉందో వెతకాలి.

అంచు పదునుగా ఉంచండి. స్పాన్సన్ అంచు గుండ్రంగా అరిగితే నీరు దాన్ని పట్టుకుని వెనక్కి లాగుతుంది. పదునుగా ఉంటే విడిచిపెడుతుంది. మీరూ అలాగే అయిపోయిన పనిని అక్కడే వదలండి. ఆఫీసు గొడవను భోజనాల దాకా తేకండి.

బరువు చోటు మార్చండి. బ్యాటరీని కాస్త ముందుకు జరిపితే ముక్కు అణుగుతుంది, వెనక్కి జరిపితే లేస్తుంది. బరువు మాత్రం అంతే. బాధ్యతలు తగ్గించుకోలేనివాళ్లు కూడా కష్టమైన పనిని మనసు తేటగా ఉండే పొద్దుటి వేళకు జరుపుకోవచ్చు.

ఒకసారికి ఒక్కటే మార్చండి. బ్యాటరీ, ప్రొపెల్లర్, స్పాన్సన్ కోణం మూడూ కలిపి మారిస్తే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు. గాలి లేని పూట, అదే చెరువులో, ఒక్క మార్పు చేసి రాసుకోండి.

నీరు తేరుకోనివ్వండి. 1967 జనవరి 4న ఇంగ్లండులోని కోనిస్టన్ వాటర్‌లో నీటి మీద వేగ రికార్డు కోసం డొనాల్డ్ క్యాంప్‌బెల్ మొదటి పరుగులో గంటకు దాదాపు 479 కిలోమీటర్ల సగటు వేగం అందుకున్నాడు. వెంటనే రెండో పరుగుకు తిరిగాడు. ఆయన బోటు బ్లూబర్డ్ ముక్కు లేచి తిరగబడింది. ఆయన ప్రాణాలు పోయాయి. తన బోటే లేపిన అలలు అణగకముందే తిరిగి రావడం ఆ ప్రమాదానికి చెప్పే కారణాల్లో ఒకటి. గెలుపు కూడా అలలు లేపుతుంది. తరవాతి పరుగుకు ముందు ఆగండి.

ఈ వారం కొత్త పనేదీ నెత్తికెత్తుకోకండి. ఉన్నవాటిలో ఒక్కదాని వేళ మార్చి, ఏడు రోజులు అలాగే చేసి, ఏమైందో రాసుకోండి. రెండో మార్పు ఆ తరవాతే.