టైరు మీది నాలుగు అంకెలు

లంబసింగి కొండ మీద చలి ఎక్కువ. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున పది అడుగుల దూరంలో మనిషి కనబడడు. అంత మంచు కమ్ముతుంది. ఆ మంచు చూడటానికి పట్నాల నుంచి జనం కార్లేసుకుని వస్తారు. అక్కడ బతికేవాళ్ళకు మాత్రం అది వేడుక కాదు. వాళ్ళు పొద్దున్నే సరుకుతో కొండ దిగాలి. నర్సీపట్నం చేరాలి. దారంతా మలుపుల ఘాట్ రోడ్డు.

ఆ దగ్గరి ఊళ్ళో ఒక అక్క ఉంది. ఆమె భర్తకు ఒక పాత మోటారు సైకిలు ఉంది. వారానికి రెండుసార్లు చిక్కుడుకాయల మూట కట్టుకుని ఇద్దరూ దాని మీద నర్సీపట్నం వెళతారు.

ఆ బండి టైర్ల సంగతి ముందు చెప్పాలి. వెనక టైరును ఒకసారి రాయి కోసింది. ఆ కోతకు లోపలి వైపు పాత టైరు ముక్క పెట్టి సర్దారు. ముందు టైరు అరిగి నున్నగా అయిపోయింది. దాని బదులు సంతలో పాత టైరు ఒకటి కొన్నారు. 400 రూపాయలు.

"గాడులు చూడవే, ఎంత లోతుగా ఉన్నాయో! కొత్తదాని లెక్కే ఉంది" అన్నాడు భర్త.

అక్క కూడా చూసింది. నిజమే అనుకుంది.

2024 డిసెంబరులో ఒక రోజు. ఇంకా తెల్లవారలేదు. రోడ్డు మంచుకి తడిసి ఉంది. ఒక మలుపు దగ్గర ఎవరో చోళ్ళ గడ్డి రోడ్డు మీద పరిచారు. మంచులో అది కనబడలేదు. దగ్గరికి వచ్చాక కనబడింది. భర్త బ్రేకు వేశాడు. ముందు చక్రం జారిపోయింది. బండి పక్కకు పడింది. అక్క మోచెయ్యి గీరుకుపోయింది. భర్త కాలు బండి కింద పడింది. చిక్కుడుకాయలు రోడ్డు నిండా చెల్లాచెదురయ్యాయి.

ఎదురుగా బస్సు రాలేదు. వచ్చి ఉంటే ఈ పాఠం వేరేగా ఉండేది.

కాలు విరగలేదు గాని బాగా వాచింది. పదిహేను రోజులు పనికి పోకూడదన్నారు డాక్టరు. మరిది వచ్చి బండిని పంక్చర్ షాపుకి చేర్చాడు. అక్క కూడా వెంట వెళ్ళింది.

"నెమ్మదిగానే వచ్చాం బాబూ. టైరు కూడా కొత్తదే. ఎందుకు జారింది?" అని అడిగింది.

షాపతను టైరును గోటితో నొక్కాడు. గోరు దిగలేదు.

"ఇది కొత్తది కాదమ్మా. మీకు అంకెలు వచ్చా?"

"వచ్చు."

"అయితే ఇది చదవండి" అని టైరు పక్క మీద ఒక చోట గుడ్డతో తుడిచాడు. అక్కడ నాలుగు అంకెలు ఉన్నాయి. అక్క వంగి ఒక్కొక్కటే చదివింది. 1 1 0 9.

"వెనకున్న రెండు అంకెలు ఏడాది. అంటే 2009. ముందున్న రెండు అంకెలు వారం. అంటే ఆ ఏడాదిలో పదకొండో వారం. ఇది 2009 మార్చిలో తయారైన టైరు" అన్నాడు అతను.

అప్పటికి అక్కకి పెళ్ళి కూడా కాలేదు.

మరి గాడులు లోతుగా ఉన్నాయి కదా? ఉన్నాయి. ఎవరూ వాడకుండా పడేసి ఉంచితే గాడులు అరగవు. కానీ రబ్బరు ఊరికే ఉన్నా ముసలిదవుతుంది. ఎండకీ గాలికీ గట్టిపడుతుంది. సన్నని పగుళ్ళు పడతాయి. పాత రబ్బరు చెప్పు సంగతి అందరికీ తెలుసు. కొత్తలో మెత్తగా ఉండి నేలను పట్టుకుంటుంది. ఎండిపోయాక తడి బండ మీద జారుతుంది. టైరూ అంతే. పైగా చలికి రబ్బరు ఇంకా బిగుసుకుంటుంది.

బండి బరువు, ఇద్దరు మనుషుల బరువు, మూట బరువు అంతా మోసేది ఎంత చోటో తెలుసా? ఒక్కో టైరు నేలకు ఆనే చోటు సుమారు అరచేయంత. అంతకంటే తక్కువే కూడా. మలుపులో మన ప్రాణం ఆ కాస్త రబ్బరు మీదే ఉంటుంది.

రోడ్డు కూడా చలికాలం మారిపోతుంది. మంచు తడి కొద్దిగానే ఉంటుంది. వాన నీళ్ళలాగా దుమ్మునీ, లారీలు కార్చిన నూనెనీ కడిగెయ్యదు. వాటితో కలిసి జిగటగా అవుతుంది. దాని మీద గడ్డి, పేడ, తెల్ల గీతల రంగు ఏది తగిలినా చక్రం జారుతుంది.

వేగం లెక్క కూడా ఒకటి ఉంది. గంటకు 40 కిలోమీటర్లు పెద్ద వేగం కాదంటారు. అలా పోతే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు దాటుతుంది. పది అడుగులంటే 3 మీటర్లు. మంచులో అడ్డం కనబడి, చెయ్యి బ్రేకు మీద పడేలోపే బండి దాన్ని దాటేసి ఉంటుంది.

మరిది కుర్రవాడు. ఫోనులో వీడియోలు చూస్తాడు. "వదినా, టైరుకు తాడు చుడదాం. లదాఖ్‌లో గొలుసులు చుడతారు. ఫారిన్‌లో అయితే టైరుకు మేకులే దిగగొడతారు" అన్నాడు.

అది అబద్ధం కాదు. కానీ ఆ మంచు వేరు, మన మంచు వేరు. తెలుగులో రెంటికీ ఒకటే మాట ఉండటంతో చిక్కు వచ్చింది. అక్కడ రోడ్డు మీద నీళ్ళు గడ్డ కట్టి ఉంటాయి. గొలుసు, మేకు ఆ గడ్డలో దిగి పట్టుకుంటాయి. మన తారు రోడ్డులో మేకు దిగదు. ఇనుము తారు మీద జారుతుంది. తాడయితే రాపిడికి తెగుతుంది. తెగిన తాడు చక్రానికో, చైనుకో చుట్టుకుంటే బండి ఉన్నచోటే పల్టీ కొడుతుంది.

షాపతను వెనక టైరు కూడా విప్పాడు. లోపల పెట్టిన ముక్క ట్యూబును రాసి రాసి పల్చన చేసింది. ఇంకొన్నాళ్ళకు అది పేలేదే. పంక్చరైతే టైరులో గడ్డి కుక్కి ఊరు చేరినవాళ్ళు ఉన్నారు. అది ఆ పూట గండం గడవటానికి. దాని మీద ఘాట్ దిగటానికి కాదు.

రెండు కొత్త టైర్లకు 4000 రూపాయలు దాకా అవుతుందని అతను చెప్పాడు. ఇంట్లో అంత డబ్బు లేదు. అక్క పొదుపు సంఘంలో అప్పు అడిగింది.

"మేకకు అడిగితే ఇస్తాం. టైరుకు అప్పేంటమ్మా? మేక పిల్లలు పెడుతుంది, టైరు ఏం పెడుతుంది?" అంది ఒక పెద్దమ్మ. అందరూ నవ్వారు.

అక్క నవ్వలేదు. కాగితం మీద లెక్క రాసుకొచ్చింది. అది చదివింది. పోయిన చిక్కుడుకాయలు, జీపు కిరాయి, మందులు, భర్తకు పదిహేను రోజుల కూలి. అన్నీ కలిపితే రెండు టైర్ల ఖరీదు దాటిపోయింది.

"బండి నడిపేది ఆయనే. వెనక కూర్చునేది నేను. పడితే ఇద్దరం పడతాం. మరి టైరు కొనేటప్పుడు నన్ను చూడొద్దంటే ఎలా?" అంది.

పెద్దమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ అంకెలు ఎక్కడుంటాయో చెప్పు" అంది.

అప్పు ఇచ్చారు. మర్నాడు పెద్దమ్మ మనవడి బండి దగ్గర నలుగురు ఆడవాళ్ళు చేరారు. టైరు మీద మట్టి గీకారు. 0712 అని ఉంది. పెద్దమ్మ వేళ్ళ మీద లెక్క పెట్టింది. మనవణ్ణి కేకేసింది.

టైరు చూసేటప్పుడు ఇంకో గుర్తు కూడా ఉంటుంది. టైరు అంచున చిన్న త్రికోణం గానీ, మూడు ఇంగ్లీషు అక్షరాలు గానీ ఉంటాయి. దానికి సూటిగా గాడి లోపల చిన్న గట్టు కనబడుతుంది. టైరు అరిగి ఆ గట్టుతో సమానం అయితే దాని పని అయిపోయినట్టే. అరగకపోయినా అయిదారేళ్ళు దాటిన టైరును మెకానిక్కుకు చూపించాలి. పదేళ్ళు దాటితే తీసెయ్యమని టైర్ల కంపెనీలే చెబుతాయి. చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది. అందుకని చలికాలంలో గాలి తరచుగా చూపించుకోవాలి.

చదవండి, చెప్పండి:

2318 అని ఉంటే అది ఏ ఏడాది టైరు? ఆ ఏడాదిలో ఎన్నో వారం?

మీరు ఎక్కే బండి టైర్ల మీద నాలుగు అంకెలు వెతకండి. ఇక్కడ రాయండి.

ముందు టైరు ................ వెనక టైరు ................