చొక్కా భుజం మీద కూర్చోవాలి

తెనాలి,
నవంబరు 9.

చిన్నా,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. షాపు నిండా మనుషులున్నారు. పైగా ఇలాంటి సంగతులు ఫోన్లో చెబితే నిలవవు. కాగితం మీదైతే మళ్ళీ మళ్ళీ చూసుకుంటావని రాస్తున్నాను.

నీతోపాటు ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళంతా పెద్ద కంపెనీల చొక్కాలు వేసుకొస్తున్నారనీ, వాళ్ళ పక్కన నిలబడాలంటే ముడుచుకుపోతున్నాననీ అన్నావు. మూడు వేల రూపాయల చొక్కాలు నాలుగు, వాయిదాల మీద తీసుకుంటానన్నావు. నీ జీతం పద్దెనిమిది వేలు. హాస్టలుకి ఏడు, మీ అమ్మకి ఐదు పోతే ఆరు వేలు మిగులుతాయి. అందులోనే మెట్రో, ఫోను, మధ్యాహ్నం టిఫినూ. ఆ వాయిదాలు ఎక్కణ్ణించి కడతావు? వద్దు, తీసుకోకు. కానీ నలుగురిలో శుభ్రంగా, నిటారుగా కనిపించాలన్న నీ కోరికని మాత్రం నేను చిన్నబుచ్చను.

మనవాళ్ళకి ఆ కోరిక ఊరికే రాలేదురా. మా తాతల కాలంలో మన పేట నుంచి ఊళ్ళోకి వెళ్ళాలంటే చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేవారు. భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకోవాలి. మడత నలగని తెల్లబట్ట కట్టుకుంటే ఎవరికో ఒకరికి ఒళ్ళు మండేది. అలాంటి దేశంలో అంబేద్కర్ గారు కోటు వేసుకుని, టై కట్టుకుని, మెరిసే బూట్లతో పెద్దపెద్ద సభల్లో కూర్చున్నారు. అది సోకని ఎవరైనా అంటే వాళ్ళకి మన చరిత్ర తెలియదని అర్థం. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆయన విగ్రహం ఆవిష్కరించారు కదా, 125 అడుగులది. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు నా కళ్ళు ముందు భుజాల మీదికే పోయాయి. అంత ఎత్తు విగ్రహానికి కూడా కోటు భుజం మీద సరిగ్గా కూర్చుంది. దర్జీ చూపు ముందు పడేది అక్కడే. నీకు చెప్పాల్సిందీ అక్కడి నుంచే మొదలుపెడతాను.

చొక్కాకి ప్రాణం భుజం. చేతిని ఒంటికి కలిపే కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి. కిందికి జారితే అన్న చొక్కా తమ్ముడికి తొడిగినట్టుంటుంది. మెడవైపు ఎక్కితే చంకలో లాగుతుంది, చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా ప్యాంటులోంచి పైకొస్తుంది. రెడీమేడ్ కొనేటప్పుడు ముందు అద్దంలో అదొక్కటి చూడు. మిగతావన్నీ తరవాత సరిచేయించుకోవచ్చు. పక్కలు లూజుగా ఉంటే పట్టించవచ్చు, చేతులు పొడవైతే కఫ్ విప్పి తగ్గించవచ్చు. భుజం మార్చాలంటే మాత్రం చేతులు రెండూ విప్పి కాలరు దాకా కదపాలి. ఆ కూలీ పెడితే ఇంకో చొక్కా వస్తుంది. కాలరు గుండీ పెట్టుకున్నాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. కఫ్ మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. పోయిన నెల నువ్వు వేసుకొచ్చిన నీలం గళ్ళ చొక్కా బట్ట మంచిదే, రంగు కూడా నీకు బాగా నప్పింది. పక్కలే ఎక్కువున్నాయి, గాలికి తెరచాపలా లేచింది. దాన్ని మార్చేయాల్సిన పని లేదు, పక్కలు పట్టిస్తే చాలు.

ప్యాంటు దగ్గర రెండే చూడు. మేము కుట్టే ప్యాంట్లకి నడుం వెనక కుట్టులో ఇంచో ఇంచున్నరో బట్ట లోపలికి వదులుతాం, మనిషి కాస్త ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి. చౌక రెడీమేడ్లలో ఆ మార్జిను ఉండదు. కొనేముందు లోపలికి తిప్పి చూడు, బట్ట వదిలి ఉంటే ఆ ప్యాంటు నాలుగేళ్ళు నీతో నడుస్తుంది. రెండోది పొడవు. ముందువైపు బూటు మీద ఒక్క మడత పడి ఆగాలి. నీ ప్యాంట్లు మడమ కింద పడి నలుగుతున్నాయి, అంచులు పీచులొచ్చాయి. బాటమ్ మడిచి కుట్టడం మా పనిలో అన్నిటికంటే తేలికైంది. అమీర్‌పేటలో మీ హాస్టలు సందులోనే మిషను వేసుకుని కూర్చునే ఆల్టరేషన్ మనిషి ఉంటాడు. ఇంటికి రావడం ఆలస్యమైతే అతని దగ్గరికి వెళ్ళు. బేరం మాత్రం గట్టిగా ఆడకు. ఆ పదీ ఇరవైతో అతని రోజు నడుస్తుంది.

మూడు వేల చొక్కా ఒంటికి పట్టకుండా వేసుకున్నవాడి కంటే, ఆరువందల చొక్కాకి ఇంకో వంద పెట్టి పక్కలు పట్టించుకున్నవాడే బాగుంటాడు. ఇన్నేళ్ళుగా షాపులో అద్దం ముందు ఎంతమందినో నిలబెట్టి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నీ దగ్గరున్న కొద్ది డబ్బూ కొనడానికి కాకుండా సరిచేయించడానికీ కాపాడుకోవడానికీ పెట్టు.

కొనేవి ఐదు చొక్కాలు, మూడు ప్యాంట్లు చాలు. తెలుపు, లేత నీలం, లేత బూడిద రంగు చొక్కాలు తీసుకో. ప్యాంట్లు ముదురు నీలం ఒకటి, ముదురు బూడిద ఒకటి, ఖాకీ ఒకటి. వీటిలో ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది, పొద్దున్నే ఆలోచించే పని ఉండదు. పెద్ద బొమ్మలూ, జేబు మీద పేర్లూ ఉన్నవి వద్దు. అవి రెండోసారి వేసుకుంటేనే అందరికీ గుర్తుండిపోతాయి. సాదా చొక్కా వారానికి రెండుసార్లు వేసుకున్నా ఎవరూ లెక్కపెట్టరు.

ముక్క కొని కుట్టించుకుంటే ఇంకా కలిసొస్తుంది. 58 ఇంచీల పన్నా బట్టయితే ఫుల్‌హ్యాండ్స్ చొక్కాకి 1.60 మీటర్లు, ప్యాంటుకి 1.20 మీటర్లు సరిపోతుంది. మంగళగిరి చేనేత బట్ట పన్నా తక్కువ, అది రెండుంపావు మీటర్లు పడుతుంది. మన ఎండలకి దాన్ని మించిన బట్ట నాకు తెలియదు. గుంట మగ్గం మీద నేసింది ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. కాటన్ ఏదైనా సరే కుట్టకముందే ఒకసారి తడిపి ఆరబెట్టాలి. లేకపోతే మొదటి ఉతుకులో కుంచించుకుపోయి కాలరు బిగుస్తుంది.

పూర్తి పాలిస్టర్ జోలికి పోకు. ఇస్త్రీ అక్కర్లేదని ఆశపెడుతుంది, కానీ చెమట వాసన పట్టుకుని వదలదు. 2014లో బెల్జియంలో ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్ళు, వ్యాయామం చేసినవాళ్ళ టీషర్టులు తీసుకుని ఒక రోజు ఉంచి వాసన చూపించారు. కాటన్ కంటే పాలిస్టర్‌వే ఘాటుగా ఉన్నాయని తేలింది. వాసన పుట్టించే సూక్ష్మజీవులు కొన్ని ఆ దారం మీద బాగా పెరుగుతాయట. ఆల్టరేషన్ కోసం వచ్చిన బట్టలు రోజూ ఒళ్ళో వేసుకుని కుట్టే మాకు ఆ సంగతి ముందే తెలుసు. చొక్కా లోపల చీటీ మీద ఏది ఎంత శాతమో రాసి ఉంటుంది, కాటన్ సగానికి పైన ఉన్నది తీసుకో. లోపల నూలు బనియన్ వేసుకో. చెమట అదే పీల్చుకుంటుంది, చొక్కా చంకలో పసుపెక్కకుండా ఉంటుంది.

ఉతకడం శనివారం సాయంత్రానికి పెట్టుకో. కాలరూ కఫులూ ముందు తడిపి, సబ్బు రుద్ది పది నిమిషాలు వదిలి, మెత్తటి బ్రష్షుతో తోముకుని, ఆ తరవాతే బకెట్‌లో వెయ్యి. రాత్రంతా నానబెట్టకు, రంగు దిగిపోతుంది. ముదురు రంగులవి లోపలి వైపు బయటికి తిప్పి ఉతుకు, నీడలో ఆరెయ్యి. మెలిపెట్టి పిండకు. గట్టిగా దులిపి హ్యాంగరుకి వేస్తే ఇస్త్రీ పని సగం తగ్గుతుంది. తెల్ల చొక్కాకి నీలిమందు ముందు నీళ్ళలో కలిపి ఆ తరవాత చొక్కా ముంచాలి, బట్ట మీద పోస్తే మరకలు పడతాయి. హాస్టలు వంటింట్లో అడిగితే గంజి ఇస్తారేమో చూడు. వడగట్టి బాగా పల్చగా చేసుకుని మంగళగిరి చొక్కా ముంచితే సాయంత్రం దాకా మడత చెక్కుచెదరదు.

ఇస్త్రీ కాస్త తేమ మీద చెయ్యాలి. ముందు కాలరు, అదీ కొసల నుంచి మధ్యకి. తరవాత భుజం పట్టీ, కఫులు, చేతులు, చివరికి ఒళ్ళు. ముదురు రంగు ప్యాంటు మీద ఎప్పుడూ నేరుగా పెట్టె పెట్టకు, బట్ట మెరుపెక్కుతుంది. మీద పల్చటి గుడ్డ పరుచుకో. ఇదంతా చేసే తీరిక లేని వారం ఐదు చొక్కాలూ ఇస్త్రీ బండికి ఇచ్చెయ్యి, ఆ ఖర్చుకి వెనకాడకు.

గుండీ ఊడితే అదే రోజు కుట్టుకో. నీ పెట్టెలో సూదీ దారం ఉండాలి. బట్టకి బిగించి కుట్టేస్తే కాజాలోకి ఎక్కక లాగి లాగి మళ్ళీ ఊడుతుంది. గుండీకీ బట్టకీ మధ్య ఒక అగ్గిపుల్ల పెట్టి నాలుగు పోగులు వేసి, పుల్ల తీసేసి, ఆ సందులో దారం మూడు చుట్లు చుట్టి ముడెయ్యి.

ఇక ఒంటి సంగతి. సబ్బు పెట్టె వెనక టి.ఎఫ్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. 76 గానీ ఆ పైన గానీ ఉన్నది మొదటి రకం. వాసన చూసి కొనకుండా ఆ అంకె చూసి కొనుక్కో. క్షవరం మూడు నాలుగు వారాలకోసారి, పక్కలు పొట్టిగా, రోజూ దువ్వెన తప్ప ఇంకేం అక్కర్లేని కటింగు చేయించుకో. గడ్డం స్నానమయ్యాక గీసుకో, వెంట్రుక మెత్తబడి ఉంటుంది. వెంట్రుక పెరిగే వైపుకే గీసుకోవాలి. ఎదురు గీస్తున్నావు కాబట్టే నీ మెడ మీద ఆ కురుపులు. తరవాత పటిక ముక్క తడిపి రాస్తే గాట్ల నుంచి రక్తం ఆగుతుంది. గోళ్ళు, దంతాలు, సాక్స్ గురించి నీకు మీ అమ్మే చెప్పి పెంచింది.

ఒక్క మాట మాత్రం నేను చాలా గట్టిగా చెప్పాలి. రూమ్మేట్ ఏదో క్రీము రాసుకుని నెల రోజుల్లో తెల్లబడ్డాడన్నావు. దాని జోలికి వెళ్ళకు. మందుల షాపులో అలా చేతికిచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట్లో మెరుపు కనిపిస్తుంది, తరవాత చర్మం పల్చబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, మానేస్తే మంట ఎక్కువవుతుంది. అందుకే 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నియమం పెట్టింది. అతన్ని కూడా చర్మం డాక్టరుకి చూపించుకోమను. ఉన్నట్టుండి మానేయకుండా, ఆయన చెప్పినట్టు మానాలి. నీ నలుపులో సరిచేయాల్సింది ఏమీ లేదు. లేత నీలం చొక్కా ఆ రంగు మీద ఎంత బాగుంటుందో బట్టలు కుట్టేవాడిగా నాకు తెలుసు.

బూట్లు ఒక్క జతే ఉన్నా నల్ల తోలువి కొను, బెల్టూ నలుపే. సాయంత్రం రాగానే గుడ్డతో దుమ్ము తుడిచి పెట్టు, ఆదివారం పాలిష్. వానలో తడిస్తే లోపల పాత పేపరు కుక్కి నీడలో ఉంచు, ఎండలో పెడితే తోలు పగులుతుంది. మడమ ఒకవైపు అరిగితే చెప్పులు కుట్టే అతని దగ్గర రబ్బరు వేయించుకో.

పొద్దున టైం చాలదంటావు. నిజమే, ఇరవైమందికి రెండు స్నానాల గదులు. అందుకే రాత్రి పడుకునే ముందు చొక్కా, ప్యాంటు, బెల్టు, సాక్స్, ఐడీ కార్డు అన్నీ ఒకే కొక్కేనికి పెట్టుకో. అమీర్‌పేట మెట్రోలో ఎలాగూ నలుగుతావు. పది నిమిషాలు ముందు దిగి, ఆఫీసులో మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా లోపలికి సర్దుకుని సీటు దగ్గరికి వెళ్ళు.

డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ బట్టలతో నాకు ఊపిరాడదు, నీకు తెలుసు. ఈ నెలాఖరు శనివారమే వచ్చెయ్యి. ఆ నీలం గళ్ళ చొక్కా, ప్యాంట్లన్నీ సంచిలో పెట్టుకో. విజయవాడలో దిగి ఫోన్ చేస్తే నేనూ వస్తాను, అక్కడి వస్త్రలత బట్టల మార్కెట్లో రెండు చొక్కా ముక్కలు, ఒక ప్యాంటు ముక్క తీసుకుందాం. డబ్బు నువ్వే ఇవ్వు, నీ సంపాదనతో కొనుక్కోవాలి. కూలీ మాట మాత్రం ఎత్తకు. కొలతలు కొత్తగా తీస్తాను, పాతవి నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పటివి. ఆ వాయిదాల యాప్ ఫోన్లోంచి తీసేసే రా.

నీ మావయ్య