పాత కంప్యూటరు చెప్పే పాఠం



గత నెల స్టోరు రూము సర్దుతుండగా బియ్యం బస్తాల వెనుక ఒక పాత కంప్యూటరు, అట్టపెట్టెలో పదకొండు ఫ్లాపీలు బయటపడ్డాయి గదా. వాటిని పాత సామాను జాబితాలో చేర్చారు. ఈ నెలాఖరుకు తుక్కు కొనే ఆయన వస్తాడట. "పోతే పోనీ, దాన్నేం చేసుకుంటాం" అని మనలో చాలామంది అన్నాం. నేనూ అన్నాను. కాని ఒక ఫ్లాపీ మీద సిరాతో "దండారి పాటలు – 9వ తరగతి" అని రాసి ఉండటం చూసిన తర్వాత నాకు ఆగబుద్ధి కాలేదు. సైన్సు సార్‌ని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది ఈ పాఠంగా రాస్తున్నాను. చివరిదాకా చదవండి.

1. ఆపరేటింగ్ సిస్టమ్ అనగానేమి?

మన హాస్టల్లో ఏ గది ఎవరికి, ఏ గంటకు ఏ పని, స్టోరు తాళం ఎవరి దగ్గర ఉండాలి అనేవన్నీ వార్డెన్ సార్ చూస్తారు. కంప్యూటరులో ఆ పని చేసే ప్రోగ్రామునే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మెమరీలో ఎవరికెంత చోటు, డిస్కులో ఏ ఫైలు ఎక్కడ, కీబోర్డు మీద ఏ మీట నొక్కారు అనేది అదే చూసుకుంటుంది.

పాత కంప్యూటర్లలో బాగా పేరు పొందినది డాస్. అంటే డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్. అమెరికాలో టిమ్ పాటర్సన్ అనే ఇంజనీరు రాసిన సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ 1981లో కొని, అదే సంవత్సరం వచ్చిన ఐ.బి.ఎం. పి.సి.కి ఇచ్చింది. తర్వాత వచ్చిన విండోస్ 95, విండోస్ 98ల అడుగున కూడా డాసే ఉంది. మన స్టోరు రూములోనిది విండోస్ 98 కాలం నాటిదని సార్ చూసి చెప్పారు.

2. డాస్ ఎలా నిద్ర లేస్తుంది?

స్విచ్ వేయగానే ముందుగా ఒక చిప్పులో శాశ్వతంగా రాసి ఉన్న చిన్న ప్రోగ్రాము లేస్తుంది. అది మెమరీ సరిగా ఉందా అని తడిమి చూస్తుంది. తర్వాత డిస్కులోని మొట్టమొదటి గడిని చదువుతుంది. ఆ గడిలో పట్టేది 512 అక్షరాలే. ఆ కొద్దిపాటి రాతే డాస్‌లోని పెద్ద భాగాలను ఒకదాని వెంట ఒకటి పిలుస్తుంది. చివరకు నల్లని తెర మీద సి అనే అక్షరం, పక్కన బాణం గుర్తు కనిపిస్తాయి. "చెప్పండి, ఏం చేయమంటారు?" అని అడుగుతున్నట్లన్నమాట. డి ఐ ఆర్ అని కొట్టి ఎంటర్ నొక్కితే ఫైళ్ళ పేర్లు వరుసగా వస్తాయి. బొమ్మలు లేవు, మౌసు అవసరం లేదు.

మొదటి డిస్కు పేరు ఎ కాకుండా సి ఎందుకైంది? అప్పట్లో ఎ, బి పేర్లు ఫ్లాపీలకు కేటాయించారు. ఫ్లాపీలు పోయినా ఇప్పటి విండోస్ కంప్యూటరులో డిస్కు పేరు సి తోనే మొదలవుతుంది. కంప్యూటరు ల్యాబులో చూడండి, నమ్ముతారు.

3. ఇరుకు ఇంట్లో కాపురం

డాస్‌లో ప్రోగ్రాములకు దొరికే చోటు 640 కె.బి. అంటే 6,55,360 అక్షరాలు. మన నోటుబుక్కు పేజీకి వెయ్యి అక్షరాలనుకుంటే 655 పేజీలు. అంతే! ఇప్పుడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకే అంతకంటే ఎక్కువ చోటు కావాలి.

ఫ్లాపీ సంగతి చూద్దాం. చిన్న ఫ్లాపీకి రెండు వైపులు. ఒక్కో వైపు 80 వలయాలు, ఒక్కో వలయంలో 18 గడులు, ఒక్కో గడిలో 512 అక్షరాలు. 2 × 80 × 18 × 512 = 14,74,560. మీరూ గుణించి చూడండి. 3 ఎం.బి. ఫోటో దాచాలంటే మూడు ఫ్లాపీలు కావాలి.

పేర్లలోనూ పొదుపే. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, చుక్క తర్వాత ఇంకో మూడు. మధ్యలో ఖాళీ వదలరాదు. ఇంగ్లీషు అక్షరాలలో కొమరంభీం అని రాద్దామంటే "కొమరంబ్" దగ్గరే చోటు అయిపోతుంది.

ఇంత ఇరుకు గనుకనే ఒక మనిషి కూర్చుంటే మొత్తం యంత్రాన్ని అర్థం చేసుకోగలిగేవాడు. పాత కంప్యూటర్లంటే ఈనాటికీ కొందరు ఇష్టపడటానికి ముఖ్య కారణం ఇదేనని నేననుకుంటున్నాను. కొత్తవాటిలో పని వేగంగా జరుగుతుంది గాని ఎలా జరిగిందో మనకు కనిపించదు.

4. చెరిపితే పోతుందా?

డాస్‌లో ఒక ఫైలును చెరిపేస్తే లోపలి విషయం వెంటనే పోదు! పేరులోని మొదటి అక్షరం చోట ఒక గుర్తు పెట్టి, "ఈ చోటు ఖాళీ" అని రాసుకుంటుంది. హాజరు పట్టీలో పేరు కొట్టేసినా పిల్లవాడు ఇంకా గదిలోనే ఉన్నట్లు. ఆ చోట కొత్తది రాస్తేనే పాతది పోతుంది. 1991లో వచ్చిన డాస్ 5లో చెరిపినదాన్ని తిరిగి తెచ్చే ఆదేశం కూడా పెట్టారు. అది "పేరులో మొదటి అక్షరం ఏమిటి?" అని మననే అడుగుతుంది. ఎందుకు అడుగుతుందో ఇప్పుడు మీకు తెలుసు.

5. పాతవాటిని బ్రతికించినవారు

1994లో, డాస్‌ను ఇక విడిగా నడపబోమని మైక్రోసాఫ్ట్ చెప్పినప్పుడు, అమెరికాలో జిమ్ హాల్ అనే ఫిజిక్సు విద్యార్థి ఊరుకోలేదు. అందరూ ఉచితంగా వాడుకునే డాస్ మనమే రాద్దాం రండి అని పిలిచాడు. ఎక్కడెక్కడివాళ్ళో చేయి కలిపారు. దాని పేరు ఫ్రీడాస్. 2006లో 1.0 వచ్చింది. పాత మిషన్ల కోసం, పాత ప్రోగ్రాముల కోసం ఇప్పటికీ దానిని వాడుతున్నారు.

ఇంకా పాత కథ ఇంగ్లాండుది. హార్వెల్ అనే చోట అణుశక్తి పరిశోధన కేంద్రంలో 1951లో ఒక కంప్యూటరు పని మొదలుపెట్టింది. బరువు రెండున్నర టన్నులు. అంకెలను దాచుకోవటానికి దానిలో డెకట్రాన్ అనే గాజు గొట్టాలు 828 ఉన్నాయి. ఒక్కో గొట్టంలో పది చోట్లు. వెలుగు చుక్క ఏ చోట నిలిస్తే అదే అంకె. లెక్క జరగడం కంటితో చూడవచ్చు. ఒక్క గుణకారానికి 5 నుండి 10 సెకన్లు పట్టేది. లెక్కల్లో చురుకైన ఒకాయన బల్ల మీది లెక్కల మిషనుతో దాని పక్కన కూర్చొని పోటీకి దిగాడు. అర్ధగంట సమానంగా వచ్చి, అలసిపోయి మానుకున్నాడు. అది మాత్రం ఆగలేదు.

1957 నాటికి వేగమైన యంత్రాలు వచ్చాయి. అయినా దీన్ని తుక్కు చేయలేదు. ఎవరు బాగా వాడుకుంటారో చెప్పమని కాలేజీలకు పోటీ పెట్టారు. వోల్వర్‌హాంప్టన్‌లోని కాలేజీ గెలిచింది. 1973 దాకా విద్యార్థులు దాని మీదే కంప్యూటరు నేర్చుకున్నారు. తర్వాత మ్యూజియంలో, గోడౌనులో పడి ఉంటే, బ్లెచ్‌లీ పార్కులోని కంప్యూటర్ల మ్యూజియం వాళ్ళు బాగుచేశారు. 2012లో అది మళ్ళీ నడిచింది. అసలు యంత్రమే ఉండి పనిచేసే డిజిటల్ కంప్యూటర్లలో అప్పుడు ప్రపంచంలో అదే అన్నిటికన్నా పాతది. మధ్యలో ఎవరైనా "తుక్కు" అని ఉంటే ఈ కథే లేదు.

6. మన డబ్బా సంగతి

ఫ్లాపీలో ఉండేది అయస్కాంత పూత పూసిన పలుచని బిళ్ళ. తేమకు బూజు పడుతుంది, ఏళ్ళు గడిస్తే రాత మసకబారుతుంది. అందువలన ఆలస్యం పనికిరాదు. ఈ జాగ్రత్తలు పాటించాలి:

• కంప్యూటరును వెంటనే స్విచ్ వేయరాదు. ముందు తెలిసినవారితో దుమ్ము దులిపించి, లోపలి వైర్లు, బ్యాటరీ చూపించాలి.

• లావు మానిటరును మనం విప్పకూడదు. ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలిచి ఉంటుంది.

• ఫ్లాపీ మూలన జరిపే చిన్న బిళ్ళ ఉంటుంది. దానిని జరిపి రంధ్రం తెరిస్తే, చదవటమే గాని మీద రాయటం కుదరదు. ముందు ఆ పని చేయాలి.

• యు.ఎస్.బి. ఫ్లాపీ డ్రైవు తగిలిస్తే మన ల్యాబులోని కంప్యూటరే చదవగలదు. "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ వద్దనాలి. చేస్తే పాటలు పోయినట్లే.

మరి ఫ్లాపీలు ఉంచుకొని కంప్యూటరు అమ్మేయవచ్చు గదా అంటారేమో. అక్కడే చిక్కుంది. ఆ రోజుల్లో తెలుగు టైపు చేయడానికి ఒక్కో ఫాంటుది ఒక్కో పద్ధతి. ఆ ఫాంటు లేకుంటే తెర మీద పిచ్చి గుర్తులు వస్తాయి. పాటలు ఫ్లాపీలో ఉన్నా, వాటిని తెలుగులో చూపించే ఫాంటు ఆ కంప్యూటరు డిస్కులోనే ఉండవచ్చు. తాళం ఒకచోట, తాళంచెవి ఇంకోచోట అన్నమాట. పైగా డిస్కులో పాత విద్యార్థుల వివరాలుంటే, చెరిపాం గదా అని బయటి వాళ్ళకు ఇవ్వటం కూడా మంచిది కాదు. నాలుగో భాగం గుర్తుంది గదా!

వార్డెన్ సార్‌కు విన్నపం: దయచేసి ఆ కంప్యూటరును, ఫ్లాపీలను ఈసారి జాబితాలో నుండి తీసేయండి. డ్రైవు తెచ్చి కాపీ చేసుకునేదాకా ఆగండి. ఫ్లాపీలో పాటలే ఉన్నాయో, మరేదైనా ఉందో తెరిస్తేగాని తెలియదు. దండారి పాటలే అయితే వాటిని ఈ గోడ మీదే రాసి పెడతాం. ఏమీ లేకపోతే తుక్కు బండిలోకి మేమే మోసి ఎక్కిస్తాం.

ఆలోచించండి

1. 1.44 ఎం.బి. ఫ్లాపీలో మన నోటుబుక్కు పేజీలు ఎన్ని పడతాయి?

2. మీ పేరును ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాల ఫైలు పేరుగా రాయండి.

3. మీ ఇంట్లో "పాతది" అని పక్కన పెట్టిన వస్తువు ఏదైనా ఉందా? అది ఎలా పనిచేసేదో పెద్దలనడిగి రాసుకురండి.

– 10వ తరగతి విద్యార్థి