కొండలకు పంపితే కుదురుకుంటారా?

(బి.యస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థిని)

పద్నాలుగు, పదిహేనేళ్ల ఆడపిల్ల ఎదురు మాట్లాడితే మన ఊళ్లలో మూడు మందులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి మంత్రం వేయించడం, రెండు హాస్టల్లో పడెయ్యడం, మూడు పెండ్లి చేసెయ్యడం. అదే మగపిల్లవాడైతే "వయసు గదా, వాడే దారికొస్తడు" అంటారు. ఆడపిల్లయితే "చెడిపోయింది" అంటారు.

మూడేళ్ల క్రితం మా చిన్నమ్మ కూతురికి ఈ మూడు మందులూ ఆలోచించారు. అప్పుడది తొమ్మిదో తరగతి. తిండి మానేసింది, బడికి పోనని మొండికేసింది, ఒకరోజు సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఆర్మూరు సిద్ధులగుట్ట ఎక్కి ఆ రాళ్ల మధ్య కూర్చుంది. వెతికి వెతికి రాత్రి ఇంటికి తెచ్చాం. ఆ రాత్రి పెద్దలు మాట్లాడుకున్న మాటలు నాకింకా చెవుల్లోనే ఉన్నాయి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ రాత్రే.

ఇట్లాంటి పిల్లలను ఏం చెయ్యాలన్న ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. పడమటి దేశాలవారు దీనికి నాలుగో మందు ఒకటి కనిపెట్టారు. పిల్లలను కొండలకూ అడవులకూ పంపడం. దీన్ని 'వైల్డర్‌నెస్ థెరపీ' అంటారు. మనం అరణ్య చికిత్స అనుకోవచ్చు. దాని గుణమెంత, దోషమెంత, మనకు పనికొచ్చేదేమిటి అన్నది చూద్దాం.

ఎక్కడ పుట్టింది?

1941లో వేల్స్ తీరాన అబర్‌డోవీ అనే ఊళ్లో కుర్ట్ హాన్, లారెన్స్ హోల్ట్ అనే ఇద్దరు 'అవుట్‌వర్డ్ బౌండ్' పాఠశాల పెట్టారు. అది యుద్ధకాలం. సముద్రంలోనూ కొండల్లోనూ కష్టాలకు అలవాటు పడితే యువకులకు మనోబలం వస్తుందని వారి నమ్మకం. 1960ల చివరలో అమెరికాలోని బ్రిగం యంగ్ విశ్వవిద్యాలయంలో లారీ డీన్ ఒల్సెన్ అనే ఆయన చదువులో వెనుకబడ్డ విద్యార్థులను ఎడారి ప్రయాణాలకు తీసుకుపోయాడు. తర్వాత యూటా మొదలైన రాష్ట్రాల్లో ఇదొక పెద్ద వ్యాపారమైంది.

పద్ధతి ఇది. కొద్దిమంది పిల్లలు జట్టుగా వారాల తరబడి నడుస్తారు. గుడారం వాళ్లే వేసుకోవాలి, నిప్పు వాళ్లే రాజెయ్యాలి, వంట వాళ్లే చేసుకోవాలి. ఫోను ఉండదు. వెంట మాట్లాడించే మనిషి ఒకరుంటారు. అది ముగిశాక చాలామందిని ఇంటికి పంపక, నెలల తరబడి నివాస కేంద్రాల్లో ఉంచి చికిత్స చేస్తారు.

శాస్త్రం ఏమంటుంది?

ఇందులో అర్థం లేకపోలేదు. ముందు వెనుకలు ఆలోచింపజేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగం నుదుటి వెనుక ఉంటుంది. అది పూర్తిగా ఎదిగేసరికి ఇరవై దాటి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. కోపం, భయం, ఆశ పుట్టించే భాగాలు మాత్రం అంతకంటే ముందే జోరందుకుంటాయి. ఎద్దులు ముందే ఉరుకుతున్నాయి, పగ్గం ఇంకా పేనుతున్నారు అన్నట్టు. నిద్రను తెచ్చే మెలటోనిన్ కూడా ఈ వయసులో రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. పొద్దున లేవకపోవడం అంతా బద్ధకం కాదన్నమాట. ఇక నెలసరి మొదలయ్యాక ఒంట్లో ఇనుము తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–19 ఏళ్ల ఆడపిల్లల్లో సగానికి పైగా రక్తహీనులే. రక్తం తక్కువైతే నీరసం, చిరాకు తప్పవు.

ఎండ, నడక, వేళకు నిద్ర, తన చేతులతో పని పూర్తి చేశానన్న తృప్తి ఇవన్నీ ఈ వయసుకు మేలు చేసేవే. మనస్సుకు సంబంధించిన జబ్బుల్లో మూడో వంతు పద్నాలుగేళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాబట్టి పిల్ల మారిపోయిందంటే తిట్టడానికి ముందు పరీక్ష చేయించాలి.

మందు విషమైన తీరు

అయితే అమెరికాలో ఈ మందు చాలామందికి విషమైంది. కిరాయి మనుషులు అర్ధరాత్రి పిల్లలను నిద్రలేపి, ఎక్కడికో చెప్పకుండా బండెక్కించి తీసుకుపోయారు. ఉత్తరాలు విప్పి చదివారు. ఒంటరి గదుల్లో పెట్టారు. 2007లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇట్లాంటి కేంద్రాలపై వేలాది ఆరోపణలున్నాయని, చనిపోయిన పిల్లలూ ఉన్నారని బయటపెట్టింది. ప్రసిద్ధురాలైన పారిస్ హిల్టన్ పదిహేడేళ్ల వయసులో తాననుభవించిన దాన్ని 2021లో యూటా శాసనసభ ముందు చెప్పింది. ఆ ఏడే అక్కడ చట్టం మార్చి, పిల్లలు వారానికొకసారి ఇంటివారితో చాటుగా మాట్లాడే హక్కు ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో నార్త్ కరోలినాలో ఒక అరణ్య శిబిరానికి వచ్చిన మరునాడే పన్నెండేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ శిబిరం అనుమతి రద్దయింది. 2024 డిసెంబరులో ఈ దుర్మార్గాన్ని ఆపడానికి అమెరికా కేంద్ర చట్టం కూడా వచ్చింది.

అది దూరదేశం గదా అనుకోవద్దు. బీహారులోని ముజఫర్‌పూర్ బాలికల ఆశ్రయ గృహంలో జరిగిన ఘోరం 2018లో దేశమంతా విన్నది. టాటా సంస్థ పరిశోధకులు లోపలికి పోయి పిల్లలతో మాట్లాడితేనే అది బయటపడింది. తలుపు మూసిన చోట ఏ దేశమైనా ఒకటే.

మన కొండ, మన శిబిరం

మరి కొండలు మంచివా, చెడ్డవా? మన జిల్లాలోనే జవాబుంది. పాకాల గ్రామపు కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ భువనగిరి గుట్టపై తాడు పట్టుకోవడం నేర్చుకుంది. డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ పొంది, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. పూర్ణ దారి తప్పిన పిల్ల కాదు. ఆమె పేరు ఇక్కడ చెప్పడం వేరే కారణానికి. అక్కడా ఇక్కడా చలి ఒకటే, ఇంటికి దూరమూ ఒకటే. కానీ యూటాలో కొండ శిక్షగా వచ్చింది, పూర్ణకు అవకాశంగా వచ్చింది.

రెండో ఉదాహరణ రంగారెడ్డి జిల్లాది. శాంతా సిన్హా గారి నాయకత్వంలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి అక్కడ పనిలో మగ్గే పిల్లలకు నివాస శిబిరాలు నడిపింది. పత్తి చేలలో పనిచేసినవాళ్లు, చిన్నప్పుడే పెండ్లి కావలసినవాళ్లు అక్కడ కొన్ని నెలలుండి, చదువు అందుకుని మామూలు బడిలో చేరారు. ఆవిడకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆ శిబిరాల్లో పిల్లలను చెడినవారిగా చూడలేదు. చదువు దక్కనివారిగా చూశారు. తేడా అంతా అందులోనే ఉంది.

పసుపు కుప్ప దగ్గర

ఇప్పుడు మా చెల్లె సంగతి. మంత్రం పనిచెయ్యలేదు. పెండ్లి మాట మా అమ్మ అడ్డుపడి ఆపింది. అంతలో మా పసుపు తవ్వకాలు వచ్చాయి. ఆడవాళ్లందరం కుప్ప చుట్టూ కూర్చుని మండల నుంచి కొమ్ములు విరుస్తున్నాం. అది నా పక్కన కూర్చుంది. మొదటి మూడు రోజులు ఏమీ మాట్లాడలేదు. నాలుగో రోజు తల ఎత్తకుండా, చేతిలో కొమ్ము విరుస్తూనే అన్నది: "అక్కా, నేను ఆ ఆటోల పోను."

ఆటోలో రోజూ పక్కన కూర్చునే ఒక పెద్దమనిషి. ఊరంతా నమస్కారం పెట్టే మనిషి. మిగతాది నేను రాయనక్కరలేదు. నెలల తరబడి ఇంట్లో అందరం "ఎందుకిట్ల చేస్తున్నవ్?" అని నిలబెట్టి అడిగాం. పక్కన కూర్చుని పని చేసినవారెవరూ లేరు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉంది.

చిన్నాయన ఆ మర్నాటి నుంచి తానే బండి మీద బడికి దింపాడు. అయితే పరువు పోతుందని పోలీసులకు చెప్పలేదు. 2012 నాటి పోక్సో చట్టం మాకు తెలియదని కాదు, ధైర్యం చాలలేదు. ఆ తప్పులో నాకూ పాలుంది. ఆ మనిషి ఇప్పటికీ అదే ఆటోలో పోతున్నాడు. ఎవరి పిల్ల పక్కన కూర్చుంటున్నాడో?

మూడు ప్రశ్నలు

పిల్లను ఎక్కడికైనా పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని నాకు తోస్తున్నది. ఎక్కడికి, ఎందుకు పోతున్నదో ఆమెకు చెప్పామా? అక్కడి నుంచి ఎవరూ వినకుండా ఇంటికి మాట్లాడగలదా? బయటివాళ్లు వచ్చి చూసే వీలుందా? ఒక్కదానికి 'లేదు' అని జవాబొచ్చినా అది చికిత్స కాదు, చెర.

మన చట్టం కూడా ఇదే చెబుతున్నది. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంస్థలో ఉంచడం అన్ని దారులూ చూశాక చివరి మార్గం మాత్రమే. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మైనరును ఆసుపత్రిలో చేర్చితే ఇంటి తరఫు మనిషి వెంట ఉండి తీరాలి. ఆపదలో ఉన్న పిల్లలకు 1098, మనసు బాధకు 14416 ఫోను నంబర్లున్నాయి. రెండింటికీ డబ్బు కట్టనక్కరలేదు.

మా చెల్లె ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. పోయిన దసరాకు నన్ను తీసుకుని మళ్లీ సిద్ధులగుట్ట ఎక్కింది. ఆ రోజు కూర్చున్న రాయి చూపించింది. "ఆనాడు ఎందుకెక్కినవే?" అంటే, "ఈడ ఎవ్వరు ఏమడగరు గదక్కా" అన్నది.

మిత్రులారా, సెలవులకు మనమందరం ఊళ్లకు పోతాం. ప్రతి ఇంట్లోనూ మౌనమైపోయిన చెల్లె ఒకతె ఉండవచ్చు. ఆమెను నిలబెట్టి ప్రశ్నలు వెయ్యకండి. ఆమె చేసే పనిలో ఒక చెయ్యి వేసి పక్కన కూర్చోండి. ఆమె చెప్పిన తర్వాత మాత్రం, మేము ఊరుకున్నట్టు మీరు ఊరుకోకండి.