దండెం ఎందుకు ఊడింది?

మా పక్కింటి వదిన ఇంట్లో గోడ అలమార ఉంది. అందులో చీరలు వేలాడదీసుకోవడానికి ఒక స్టీలు పైపు పెట్టించింది. మనం వాకిట్లో బట్టలు ఆరేసే దండెం లాంటిదే ఇది. అలమారలో ఈ పక్క గోడకూ ఆ పక్క గోడకూ మధ్య ఉంటుంది. దాని మీద హ్యాంగర్లు తగిలిస్తాం.

పెట్టించి ఇరవై రోజులు కూడా కాలేదు. ఒక రాత్రి ధన్‌మని చప్పుడైంది. దొంగలేమో అనుకుని మేమంతా లేచి పరుగెత్తాం. అలమార తలుపు తీసి చూస్తే చీరలన్నీ కుప్పగా పడి ఉన్నాయి. పైపు ఒక కొస కిందికి జారింది. అడుగున వదిన మనవరాలి పలక ఉంది. పలక రెండు ముక్కలైంది.

వదిన చీరల గురించి ఒక్క మాట అనలేదు. ఆ పిల్ల పగలంతా అలమార ముందే కూర్చుని ఆడుకుంటుంది. "ఇదే పగలు పడి ఉంటే?" అంది.

తెల్లారి దండెం పెట్టిన మనిషికి కబురు చేసింది. అతను వచ్చి చూశాడు. "బరువు ఎక్కువ వేశారమ్మా" అన్నాడు. మళ్ళీ పెట్టాలంటే మళ్ళీ డబ్బులు ఇవ్వాలన్నాడు.

"ఎందుకు ఊడిందో ముందు తెలియాలి. డబ్బుల మాట తరువాత" అంది వదిన. అతను వెళ్ళిపోయాడు.

బరువు ఎంత?

వదిన రాత్రిబడిలో చదువు నేర్చుకుంది. కాగితం, పెన్సిలు తెచ్చుకుంది. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం.

చీరలు 36. కొన్ని తేలిక నూలు చీరలు. కొన్ని జరీ ఉన్న బరువు చీరలు. హ్యాంగరుతో కలిపి ఒక్కో చీర అరకిలో అనుకున్నాం. 36 అరకిలోలు అంటే 18 కిలోలు. మనం తెచ్చుకునే బియ్యం సంచి 25 కిలోలు ఉంటుంది. చీరల బరువు అంతకంటే తక్కువే.

పైపుకు రెండు కొసలు. 18 కిలోల్లో సగం ఒక కొస మీద, సగం ఇంకో కొస మీద పడుతుంది. అంటే ఒక్కో పక్క 9 కిలోలు.

"తొమ్మిది కిలోలు మోయలేని గోడ ఉంటుందా?" అంది వదిన. నిజమే. బరువు ఎక్కువ కాలేదు. తప్పు ఇంకెక్కడో ఉంది.

బెజ్జంలో ఏముంది?

పైపు కొస కూర్చోవడానికి గోడకు ఒక చిన్న గిన్నె బిగిస్తారు. కొట్టులో దాన్ని సాకెట్టు అంటారు. ఒక పక్క గిన్నె మేకులతో సహా ఊడి వచ్చింది. ఆ మేకులు కొలిచాం. అంగుళం పొడవున్నాయి.

వదిన తలలోని పిన్ను తీసి గోడ బెజ్జంలో గీకింది. బూడిద రంగు పొడి రాలింది. అది సిమెంటు పూత పొడి. దాంతోపాటు రెండు అగ్గిపుల్లలు కూడా వచ్చాయి! బెజ్జం వదులైతే అగ్గిపుల్లలు కుక్కి, పైన మేకు కొట్టాడన్నమాట.

గోడ పైకి కనిపించేది సిమెంటు పూత. అది అర అంగుళం పైచిలుకు మందం ఉంటుంది. దాని వెనక ఇటుక ఉంటుంది. బరువు మోసేది ఇటుక. పూత మోయదు. పూతలో కొట్టిన మేకు నాలుగు రోజులు నిలబడుతుంది. చీర తీసినప్పుడల్లా, పెట్టినప్పుడల్లా దండెం కదులుతుంది. మేకు చుట్టూ పూత పొడి పొడి అవుతుంది. తరువాత ఒక రాత్రి ఊడుతుంది.

రెండో పక్క గిన్నె గోడకే ఉంది. దాంట్లో మడిచిన కాగితం దొరికింది. ఇదేమిటి? పైపు పొట్టిదైంది. అటూ ఇటూ జరగకుండా కాగితం కుక్కాడు.

పైపు ఎందుకు పొట్టిదైంది? అలమార వెడల్పును వదిన టేపుతో కింద ఒకసారి, పైన ఒకసారి కొలిచింది. కింద 46న్నర అంగుళాలు. పైన 47 పావు. ముప్పావు అంగుళం తేడా! ఏ గోడా పైనుంచి కిందికి ఒకేలా ఉండదు. అతను వంగి కింద కొలిచాడు. పైపును మాత్రం పైన పెట్టాడు.

మీరు కొలిచేటప్పుడు దండెం ఎక్కడ పెడతారో అక్కడే కొలవండి. స్టూలు ఎక్కాల్సి వస్తే ఎక్కండి, ఒకరు పట్టుకోవాలి.

టేపు చదవడం

టేపు మీద పెద్ద అంకెలు అంగుళాలు. రెండు అంకెల మధ్య పొడుగు గీత అర అంగుళం. దానికి ముందున్న కాస్త పొట్టి గీత పావు. తరువాతది ముప్పావు. పావుకన్నా చిన్నది నూలు. ఎనిమిది నూళ్ళు ఒక అంగుళం. ఈ మాట వడ్రంగులకు, తాపీ పనివాళ్ళకు బాగా తెలుసు. కొట్టులో "నూలు తక్కువ కోయండి" అంటే వాళ్ళకు అర్థమవుతుంది. మీరు కొలతలు తెలిసిన మనిషని కూడా అర్థమవుతుంది.

గోడ నుంచి గోడకు 47 పావు. గిన్నె అడుగు మందం ఒక్కోటి ఒక నూలు. రెండూ కలిపితే రెండు నూళ్ళు, అంటే పావు. 47 పావులోంచి పావు తీస్తే 47. పైపు సులువుగా కూర్చోవాలి కదా. అందుకని 47కు అర నూలు తక్కువ కోయించింది వదిన.

పాత పైపు పనికిరాలేదు. కొత్తది అంగుళం లావు స్టీలు పైపు తెచ్చుకుంది. నీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు చవకే. కానీ అది నడుము వంగిపోతుంది. నడుము వంగితే కొసలు లోపలికి జరిగి గిన్నెల్లోంచి జారతాయి. పొడవు పెరిగేకొద్దీ వంగడం కూడా పెరుగుతుంది. అదే బరువుకు పొడవు రెండింతలైతే వంగడం రెండింతలు కాదు, ఎనిమిదింతలు అవుతుంది. కాబట్టి నాలుగడుగులు దాటిన దండేనికి మధ్యలో ఇంకో ఆధారం పెట్టించుకోవాలి.

ఎక్కడ పెట్టాలి?

వదిన అలమార లోతు 24 అంగుళాలు. మామూలు హ్యాంగరు వెడల్పు 16, 17 అంగుళాలు ఉంటుంది. వెనక గోడ నుంచి 12 అంగుళాల దగ్గర గుర్తు పెట్టాం. అటూ ఇటూ చీరలు గోడకూ, తలుపుకూ రాసుకోవు.

మా అలమార లోతు 15 అంగుళాలే. అందులో హ్యాంగరు పెడితే తలుపు మూతపడదు. అందుకని నేను హ్యాంగర్లు మానేసి, చీరలు మడిచి పైపు మీదే వేసుకుంటాను, మా అమ్మ దండెం మీద వేసినట్టు. పైది తీయకుండా కిందది రాదు. అయినా సర్దుకుంటున్నాను.

అలమారలో పైన కడప రాయి అర ఉంది. పైపుకూ రాయికీ మధ్య కనీసం రెండున్నర అంగుళాల సందు వదిలాం. సందు లేకపోతే హ్యాంగరు కొక్కెం తీయడానికి రాదు.

రెండు గుర్తులూ ఒకే ఎత్తులో ఉండాలి. రాయి నుంచి కొలిస్తే చాలదు. రాయే వాలుగా ఉండవచ్చు. మా వీధిలో చాలామంది ఇళ్ళ కట్టుబడి పనికి వెళ్ళినవాళ్ళే. వాళ్ళకు నీళ్ళ గొట్టం సంగతి తెలుసు. సన్నని తెల్ల గొట్టంలో నీళ్ళు పోసి, రెండు కొసలూ పైకి పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. మధ్యలో గాలి బుడగ ఉండకూడదు. రసమట్టం ఉంటే ఇంకా సులువు. మా దగ్గర లేదు. గొట్టంతోనే గుర్తులు పెట్టాం.

గోడ అవతల ఏముంది?

వదిన అక్క కొడుకు కరెంటు పని చేస్తాడు. డ్రిల్లు మిషను తెచ్చాడు. గుర్తు మీద పెట్టబోయాడు.

"ఆగు నాయనా. ఈ గోడ అవతల ఏముందో చూశావా?" అంది వదిన.

వెళ్ళి చూశాం. అవతలి గదిలో అదే గోడకు స్విచ్చి బోర్డు ఉంది! బోర్డు నుంచి కరెంటు తీగలు గోడ లోపల నిలువుగా పైకి వెళతాయి. కొన్ని ఇళ్ళలో అడ్డంగా కూడా వెళతాయి. బోర్డుకు సరిగ్గా పైనా, కిందా, పక్కనా ఎప్పుడూ బెజ్జం వేయకూడదు. బెజ్జం తీగకు తగిలితే ప్రాణం పోతుంది. అప్పుడు తగలకపోయినా, మర ఒరుసుకుని తీగ తొడుగు తెగితే స్టీలు పైపుకే కరెంటు వస్తుంది. చీర తీయబోయిన చెయ్యికి షాకు కొడుతుంది.

వాకిట్లో ఇనప తీగ దండేలతో కూడా ఇదే ప్రమాదం. కరెంటు స్తంభానికో, ఇంటికి వచ్చే కరెంటు తీగ పక్కనో ఇనప తీగ కట్టి, తడిబట్టలు ఆరేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన ఊళ్ళలో ఎందరో. వాకిట్లో నైలాను తాడు కట్టుకోండి.

బోర్డు మా గుర్తుకు రెండడుగుల దూరంలో ఉంది. గుర్తు దాని పైన గానీ, అడ్డంగా దాని వరసలో గానీ లేదు. బోర్డు పెట్టినప్పుడు తీగలు ఎటు నడిపారో అబ్బాయికి తెలుసు. పరవాలేదన్నాడు. అయినా వదిన వినలేదు. తన ఇంటి మెయిను స్విచ్చి ఆపించింది. డ్రిల్లుకు మా ఇంటి నుంచి వైరు లాగాం.

ఎర్ర పొడి

ఊడిన బెజ్జాలను సిమెంటుతో పూడ్చేశాం. కొత్త బెజ్జాలు వాటికి రెండంగుళాల పైన వేయాలి. ఆ లెక్కకు సందు చాలుతుందో లేదో ముందే చూసుకున్నాం.

డ్రిల్లు తిరిగింది. ముందు బూడిద రంగు పొడి రాలింది. కొంచెం లోపలికి పోగానే ఎర్ర పొడి రాలింది. అదే ఇటుక. పొడి ఎర్రగా వస్తుంటే సరైన చోట వెళుతున్నట్టే. ఒక బెజ్జంలో మాత్రం ఎర్ర పొడి రాలేదు. డ్రిల్లు మెత్తగా దిగిపోయింది. అక్కడ రెండు ఇటుకల మధ్య అతుకు తగిలింది. అతుకులో పట్టు ఉండదు. గిన్నెను కొంచెం తిప్పి, అంగుళం పక్కన ఇంకో బెజ్జం వేయించింది వదిన. మట్టం చెడకుండా మళ్ళీ చూసుకున్నాం. సిమెంటు ఇటుకల ఇళ్ళలో ఎర్ర పొడి రాదు. అక్కడ డ్రిల్లు గట్టిగా ఆనుతోందా, మెత్తగా దిగుతోందా చూసుకోవాలి.

బెజ్జంలోకి ప్లాస్టిక్ ముక్క ఒకటి కొడతారు. కొందరు దాన్ని ఫిషర్ అంటారు, కొందరు గిట్టీ అంటారు. దాంట్లోకి మర తిరుగుతూ వెళితే అది ఉబ్బి ఇటుకను గట్టిగా పట్టుకుంటుంది. దాని పొట్లం మీద 8 అని ఉంటే డ్రిల్లు పుల్ల మీద కూడా 8 అనే ఉండాలి. పుల్ల పెద్దదైతే ముక్క వదులై తిరుగుతుంది. అప్పుడే అగ్గిపుల్లల అవసరం వస్తుంది. అంకె చదివి తీసుకుంటే ఆ అవసరం రాదు. మరలు రెండంగుళాలవి తెచ్చాం. కొనే ముందు గిన్నె బెజ్జంలో మర పడుతుందో లేదో చూసుకోండి.

ఒక పక్క మూసి ఉన్న గిన్నె పెట్టాం. రెండో పక్క పైన తెరిచి ఉన్న గిన్నె పెట్టాం. పైపును ఒక కొస మూసిన గిన్నెలో దూర్చి, రెండో కొసను పైనుంచి దింపితే సరిపోతుంది.

చెక్క బీరువా అయితే

చెక్క బీరువాలో మర పొడవు పలక మందం కన్నా తక్కువ ఉండాలి. లేకపోతే అవతలికి పొడుచుకు వస్తుంది. చెక్క పొట్టును అదిమి చేసిన బీరువాలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటిలో మర ఎక్కువ కాలం నిలవదు. పలకకు తడి తగిలితే ఉబ్బుతుంది, మర వదులవుతుంది. అలాంటి దాంట్లో లోపల రెండు పక్కలా నిజమైన చెక్క పట్టీని నాలుగు మరలతో బిగించి, గిన్నెను ఆ పట్టీకి బిగించండి. బరువు నాలుగు చోట్లకు పంచుకుంటుంది. బీరువాను కూడా వెనక గోడకు బిగించాలి. పిల్లలు దండెం పట్టుకుని వేలాడితే తేలిక బీరువా ముందుకు ఒరుగుతుంది.

పరీక్ష

అంతా అయ్యాక చీరలు వెంటనే పెట్టలేదు. అలమార అడుగు ఖాళీ చేసి, 25 కిలోల బియ్యం సంచిని తాడుతో పైపు నడిమధ్య వేలాడదీశాం. సంచి నేలకు జానెడు ఎత్తులోనే ఉంది. బరువంతా ఒక్కచోట పడుతుంది కాబట్టి చీరలకన్నా ఇది గట్టి పరీక్ష. పిల్లను ఆ రాత్రి మా ఇంట్లో పడుకోబెట్టాం.

పొద్దున చూస్తే గిన్నెలు కదల్లేదు. గోడ పొడి రాలలేదు. పైపు వంగలేదు.

మధ్యాహ్నం వదిన చిన్నకోడలు వచ్చింది. చంటిపిల్లాడి తల్లి. "అత్తయ్యా, బియ్యం సంచినే మోసింది కదా. చీర ఉయ్యాల కట్టుకోనా?" అని అడిగింది.

"వద్దు" అంది వదిన. సంచి కదలకుండా ఉంటుంది. ఉయ్యాల ఊగుతుంది. ఊగినప్పుడల్లా గిన్నెలు అటూ ఇటూ గుంజుకుపోతాయి, తెరిచిన గిన్నెలోంచి పైపు పైకి లేస్తుంది. ఉయ్యాలకు దూలం కొక్కెమే కావాలి.

తరువాత మా వీధిలో ఇంకో మూడు ఇళ్ళవాళ్ళు కొలతలు అడిగారు. వదిన అలమార తలుపు లోపలి పక్క పెన్సిలుతో రాసి పెట్టింది:

పైపు 47కు అర నూలు తక్కువ.
లోతు 24. వెనక నుంచి 12.
పుల్ల 8. ముక్క 8. మర 2 అంగుళాలు.

మీ అలమార కొలిచి ఇక్కడ రాయండి.

దండెం పెట్టే చోట వెడల్పు ............
లోతు ............
గోడ అవతల ఏముంది? ............