పదహారో పంట

ప్రతి ఏడూ మన సావనీరులో క్రీడల నివేదిక ఒకటి ఉంటుంది. ఏ టోర్నమెంటులో ఏ కప్పు వచ్చింది, ఎవరెవరు యూనివర్సిటీ జట్టుకు ఎంపికయ్యారు అన్న వివరాలు అందులో ఉంటాయి. కప్పు రాని ఏడు ఆ నివేదిక అరపేజీకి కుదించుకుపోతుంది. అది చూసి, "ఈ ఏడు డ్రిల్లు మాస్టారు ఏం చేసినట్టు?" అని మనలో మనం అనుకోవడమూ ఉన్నదే. ఒక కోచ్‌ను కప్పులతో కొలవడం ఎంతవరకు సబబు? ఈ ప్రశ్న నాకు జాన్ వుడెన్ గురించి చదివిన తర్వాతే కలిగింది. చిత్రమేమిటంటే, కప్పుల లెక్క తీస్తే ఆయనను మించినవాడు అమెరికా పురుషుల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇంతవరకు లేడు. అయినా ఆయన కథలో నన్ను ఆపింది ఆ కప్పులు కావు, వాటికి ముందరి కాలం.

అక్కడి కాలేజీ ఆట మన ఇంటర్ కాలేజియేట్ పోటీల వంటిది కాదని ముందుగా చెప్పాలి. వేలమంది టిక్కెట్టు కొని చూస్తారు. జట్టుకు హెడ్ కోచ్, ఆయన కింద సహాయ కోచ్‌లు ఉంటారు. సీజను చివర ఎన్‌సీఏఏ సంస్థ జాతీయ టోర్నమెంటు జరుపుతుంది. అందులో ఒక్క ఆట ఓడితే ఇంటిదారి పట్టవలసిందే. అటువంటి టోర్నమెంటును లాస్‌ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ జట్టు వుడెన్ శిక్షణలో 12 ఏళ్ళలో 10 సార్లు గెలిచింది. అందులో 1967 నుంచి 1973 దాకా వరసగా ఏడుసార్లు.

వుడెన్ 1910 అక్టోబరు 14న ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. సెంటర్టన్ అనే చిన్న ఊరి దగ్గర వాళ్ళది సుమారు 60 ఎకరాల వ్యవసాయం. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. టమాటాలు పోసే బుట్టకు అడుగు తీసేసి తండ్రి పశుల కొట్టంలో మేకులు కొట్టి బిగించాడు. తల్లి పాత మేజోడులో గుడ్డపీలికలు కూరి బంతి కుట్టింది. ఆయన మొదటి బాస్కెట్, మొదటి బాల్ అవే.

తర్వాత ఆ పొలం పోయింది. తండ్రి జాషువా పొలం తాకట్టు మీద అప్పుచేసి పందులు కొన్నాడు. కలరా రాకుండా వేయించిన టీకామందు చెడ్డది కావడంతో పందులన్నీ చచ్చిపోయాయి. అప్పు మిగిలింది, పొలం చేజారింది, కుటుంబం మార్టిన్స్‌విల్ పట్టణానికి చేరింది. సొంత భూమి దున్నుకున్న మనిషి ఒక ఆరోగ్యశాలలో జీతానికి కుదిరాడు. కల్తీ మందు, తాకట్టు, వలస: ఈ మూడు మాటల వెనక ఉన్నదేమిటో వ్యవసాయం ఇంట పుట్టిన నాలాంటివాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు. ఖండాలు వేరైనా ఈ కథ ఒకటే. ఇంత జరిగినా తండ్రి ఒకరిని నిందించగా తాను వినలేదని వుడెన్ ముసలితనంలో కూడా చెబుతుండేవాడు. నాకైతే ఆ టీకామందు అమ్మినవాణ్ణి నాలుగు మాటలు అని ఉండవలసిందనే అనిపిస్తుంది. అది వేరే సంగతి.

మార్టిన్స్‌విల్ హైస్కూలు జట్టు 1927లో రాష్ట్ర విజేత అయినప్పుడు వుడెన్ అందులో ఆటగాడు. తర్వాత పర్డ్యూ యూనివర్సిటీలో చేరాడు. అతని కోరిక సివిల్ ఇంజనీరింగు. ఆ చదువుకు వేసవిలో క్యాంపులకు వెళ్ళాలి. వేసవిలో కూలి పనిచేస్తే తప్ప ఫీజుకు డబ్బు రాదు. అందుకని ఇంగ్లీషు సాహిత్యానికి మారిపోయాడు. వంతెనలు కట్టవలసినవాడు డబ్బులేమి వల్ల ఇంగ్లీషు మాస్టారయ్యాడు. ఈ మలుపు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చివరిదాకా ఆయన తన్ను తాను ఉపాధ్యాయుడిగానే చెప్పుకున్నాడు. పర్డ్యూలో మూడేళ్ళు వరసగా ఆల్ అమెరికన్ జట్టుకు ఎంపికైన ఆటగాడు కూడా ఆయనే.

1932లో పెళ్ళి. పెళ్ళికి ముందే బ్యాంకు మూతపడి దాచుకున్న సొమ్ము పోయింది. అవి ఆర్థిక మాంద్యపు రోజులు. కెంటకీ రాష్ట్రం డేటన్‌లోని హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ ఆటలు నేర్పే ఉద్యోగం దొరికింది. మొదటి ఏడు ఆయన జట్టు 6 ఆటలు గెలిచి 11 ఓడింది. కోచ్‌గా ఆయన జీవితంలో గెలుపులకన్న ఓటములు ఎక్కువైన సీజను అదొక్కటే. ఆ తర్వాత సౌత్‌బెండ్‌లో తొమ్మిదేళ్ళు, నడుమ యుద్ధకాలంలో నౌకాదళం.

1946లో ఇండియానా స్టేట్ టీచర్స్ కాలేజీలో కోచ్ అయ్యాడు. 1947లో ఆ జట్టుకు కాన్సాస్ సిటీలో జరిగే జాతీయ టోర్నమెంటుకు ఆహ్వానం వచ్చింది. కాని అక్కడ నల్లవారిని ఆడనివ్వరు. జట్టులో క్లారెన్స్ వాకర్ అనే నల్లజాతి కుర్రాడున్నాడు, అతడు ప్రధాన ఆటగాడు కూడా కాదు. అతణ్ణి ఇంటి దగ్గర వదిలి మిగతావాళ్ళు వెళ్ళిరావచ్చు, అడిగేవాడు లేడు. వుడెన్ ఆహ్వానాన్ని తిప్పికొట్టాడు. మరుసటి ఏడు, 1948లో, నిషేధం ఎత్తివేశారు. వాకర్ ఆడాడు, జట్టు ఫైనల్ దాకా వెళ్ళి లూయీవిల్ చేతిలో ఓడింది. ఆ ఓటమిని కప్పుల లెక్కలో ఏ గడిలో వేస్తాం?

అదే 1948లో రెండుచోట్ల నుంచి పిలుపు వచ్చింది. మనసు మిన్నెసోటా మీద ఉంది. వాళ్ళు ఫోను చేస్తామన్న వేళకు మంచు తుఫాను వచ్చి లైను దొరకలేదు. ఈలోపు యూసీఎల్‌ఏ నుంచి ఫోను వస్తే సరేనన్నాడు. ఆ తర్వాత మిన్నెసోటా ఫోను మోగింది, కాని మాట ఇచ్చేశాడు. రెండేళ్ళు గడిచాక పర్డ్యూ నుంచి మంచి అవకాశం వచ్చి వెళ్ళాలనుకుంటే, మూడేళ్ళ ఒప్పందం కావాలని పట్టుబట్టింది మీరే కదా అని యూసీఎల్‌ఏ వారు గుర్తుచేశారు. దాంతో ఉండిపోయాడు.

యూసీఎల్‌ఏలో ఉన్నదేమిటంటే ఒక పాత జిమ్ము. ఒక పక్క కుస్తీ పట్టేవాళ్ళు, ఇంకో పక్క జిమ్నాస్టులు, మధ్యలో బాస్కెట్‌బాల్. ప్రాక్టీసుకు ముందు హెడ్ కోచ్ స్వయంగా నేల తుడిచేవాడు. మొదటి ఏడాదే 22 ఆటలు గెలిచి 7 మాత్రమే ఓడాడు. ఆ తర్వాత కూడా జట్టు బాగానే ఆడింది. కాని జాతీయ కప్పు మాత్రం రాలేదు. ఒక సంవత్సరం కాదు, రెండు కాదు, 15 సీజన్లు రాలేదు. 1962లో సెమీఫైనల్ దాకా వెళ్ళి రెండే పాయింట్ల తేడాతో సిన్సినాటి చేతిలో ఓడారు. మన సావనీరు పద్ధతిలో అయితే పదిహేను అరపేజీలు!

ఆ పదిహేనేళ్ళు ఆయన ఏం చేశాడన్నదే నా వ్యాసానికి అసలు విషయం. ప్రతి ఉదయం సహాయకులతో కూర్చుని సాయంత్రం ప్రాక్టీసులో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఏం చేయాలో చిన్న చిన్న కార్డుల మీద రాసుకునేవాడు. రెండు గంటల ప్రాక్టీసుకు ఒక్కోసారి అంతకన్న ఎక్కువ సేపే తయారీ. ఏ రోజు ఏం చేయించిందీ నోటు పుస్తకాల్లో రాసి దాచేవాడు. మంచి లెక్చరరు పాఠానికి తయారై వచ్చినట్టన్నమాట. సీజను ముగియగానే ఆటలో ఒక అంశాన్ని, ఉదాహరణకు ఫ్రీత్రోను తీసుకుని, ఇతర కోచ్‌లను అడిగి వారి పద్ధతులు పోల్చి చూసేవాడు. సైన్సు విద్యార్థిగా చెబుతున్నాను, ఇది పరిశోధన కాకపోతే మరేమిటి?

16వ సీజను 1963-64. ఆ జట్టు తరఫున ఆట మొదలుపెట్టే అయిదుగురిలో ఆరడుగుల అయిదంగుళాలు మించినవాడు లేడు. పొడగరుల ఆటలో అది లోటే. సహాయ కోచ్ జెర్రీ నార్మన్ ప్రోద్బలంతో వుడెన్ జోన్ ప్రెస్ అనే పద్ధతి అమలుచేశాడు. మామూలుగా బాస్కెట్ వేసిన జట్టు వెనక్కి పరుగెత్తి తన బాస్కెట్‌ను కాచుకుంటుంది. వీళ్ళు అలా వెళ్ళకుండా అక్కడే ముందు ఇద్దరు, వారి వెనక ఇద్దరు, చివర ఒకడుగా నిలబడి కోర్టంతా వలపన్నేవారు. ఎదుటివాళ్ళు పది సెకన్లలో బంతిని సగం గీత దాటించాలి. తొందరపెడితే తప్పులు చేస్తారు, తప్పులు చేస్తే బంతి మనది. ఆట మొదటి అర్ధభాగమంతా ఓపిగ్గా ఒత్తిడి పెట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒక్కసారిగా ఎదుటి జట్టు కుప్పకూలుతుంది. ఫైనల్లో డ్యూక్ జట్టు మీద వరసగా 16 పాయింట్లు వేశారు. 98-83తో గెలిచి, 30 ఆటల్లో ఒక్కటీ ఓడకుండా మొదటి కప్పు తెచ్చారు. 16వ ఏట!

ఆ తర్వాతిది అందరికీ తెలిసిన చరిత్ర కాబట్టి గబగబా చెబుతాను. 1965లో రెండో కప్పు, కొత్త స్టేడియం పాలీ పెవిలియన్. తర్వాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా ప్రసిద్ధుడైన ల్యూ ఆల్సిండర్ ఆ ఏడే చేరాడు. అప్పటి నిబంధన ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు పెద్దజట్టులో ఆడరాదు. అయితే ఆ కుర్రాళ్ళ జట్టే జాతీయ విజేతలైన తమ సీనియర్లను 75-60తో ఓడించింది. (మన కాలేజీలో అటువంటిది జరిగితే హాస్టల్లో ఆ రాత్రి ఏమయ్యేదో!) ఆ పైన బిల్ వాల్టన్, వరసగా 88 విజయాలు. 1971లో నోటర్‌డామ్ చేతిలో ఓడిన తర్వాత మొదలైన ఆ వరస, 1974 జనవరి 19న మళ్ళీ నోటర్‌డామ్ చేతిలోనే తెగింది. 11 పాయింట్ల ఆధిక్యం ఉండగా చివరి నిమిషాల్లో వరసగా 12 పాయింట్లు ఇచ్చుకుని 71-70తో ఓడారు.

ఇంతటి మేటి ఆటగాళ్ళకు సీజను మొదటి రోజు ఆయన నేర్పిన మొదటి పాఠం ఏమిటో తెలుసా? మేజోళ్ళు తొడుక్కోవడం. మడమ దగ్గర, చిటికెనవేలి దగ్గర ముడత లేకుండా సవరించాలి. ముడత ఉంటే పొక్కు లేస్తుంది, పొక్కు లేస్తే ప్రాక్టీసు పోతుంది. దేశమంతా పేరు మోగిన కుర్రాళ్ళు కూడా కింద కూర్చుని అది నేర్చుకోవలసిందే.

1974-75లో, అంటే ఆయన చివరి సీజన్లో, గాలిమోర్, థార్ప్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రాక్టీసు దగ్గర కూర్చుని ఆయన నోట వచ్చిన ప్రతి మాటనూ వర్గీకరించి లెక్కపెట్టారు. మొత్తం 2,326. అందులో సగం, ఏం చేయాలో ఎలా చేయాలో చెప్పే సూచనలే. మెచ్చుకోళ్ళు నూటికి ఏడు కూడా లేవు. వట్టి తిట్లూ ఇంచుమించు అంతే. ఉపన్యాసాలు లేవు, ఉద్రేకపరచడాలు లేవు. తప్పు చేస్తే ఆట ఆపి, సరైన పద్ధతి చేసి చూపి, వాడు చేసిన తప్పు చేసి చూపి, మళ్ళీ సరైనది చూపేవాడు. అంతా కొన్ని సెకన్లే. ప్రోత్సాహమంటే పొగడ్త అనుకునే నాకు ఈ అంకెలు చూశాక, ప్రాక్టికల్స్‌లో "బ్యూరెట్ కంటికి సమానంగా చూడవోయ్" అని పదిసార్లు విసుక్కోకుండా చెప్పే మా డిమాన్‌స్ట్రేటరు గారు గుర్తుకొచ్చారు.

ఆయనలో లోపాలు లేవని కాదు. బెంచీ మీద మిగిలిపోయిన ఆటగాళ్ళు కొందరు ఆయన్ని దూరపు మనిషి అన్నారు. 1968లో హూస్టన్‌తో ఆటలో తనను కూర్చోబెట్టాడని ఎడ్గర్ లేసీ జట్టునే వదిలి వెళ్ళిపోయాడు. ఊళ్ళోని ధనిక బిల్డరొకాయన ఆటగాళ్ళకు నిబంధనలకు విరుద్ధంగా సాయాలు చేశాడన్న సంగతి వుడెన్ దిగిపోయాక పత్రికల కెక్కింది. సాక్సు ముడతను కనిపెట్టే కన్నుకు ఈ ముడత ఎలా కనిపించలేదన్న ప్రశ్న న్యాయమైనదే. నా మట్టుకు నాకు దానికి సంతృప్తికరమైన జవాబు దొరకలేదు.

1975 సెమీఫైనల్లో లూయీవిల్‌ను ఓవర్‌టైములో ఒక్క పాయింటుతో గెలిచాక, డ్రెస్సింగు రూములో ఆయన తాను రిటైరవుతున్నానని కుర్రాళ్ళకు చెప్పాడు. రెండు రోజులకు కెంటకీని 92-85తో ఓడించి పదో కప్పు. 27 సీజన్లలో 620 విజయాలు, 147 ఓటములు. ఇంత చేసినా యూసీఎల్‌ఏలో ఆయన వార్షిక జీతం ఎన్నడూ 35,000 డాలర్లు దాటలేదంటారు.

భార్య నెల్ 1985 మార్చి 21న చనిపోయింది. ప్రతి నెలా 21న ఆయన ఆమెకు ఉత్తరం రాసి ఆమె దిండు మీద పెట్టేవాడు. 2003లో పాలీ పెవిలియన్ కోర్టుకు ఆయన పేరు పెడతామని యూనివర్సిటీ వారు వస్తే, ఆమె పేరు ముందు ఉండాలన్నాడు. 2010 జూన్ 4న, 99 ఏళ్ళ వయసులో, ఆయనా వెళ్ళిపోయాడు. ఆ నేల మీద ఇప్పటికీ "నెల్ అండ్ జాన్ వుడెన్ కోర్ట్" అనే ఉంది.