మిష్ పెట్టేముందు

విజయవాడ, సత్యనారాయణపురం

చిట్టితల్లికి మామయ్య ఆశీర్వదించి రాసేది.

అంకారాలో టర్కీ పాఠాలు ‘మిష్’ దగ్గర ఆగిపోయాయని రాశావు. ‘గెల్ది’ అన్నా వచ్చాడనే, ‘గెల్మిష్’ అన్నా వచ్చాడనే, మరి రెండెందుకని అడిగావు. మిష్‌ను భూతకాలమని బట్టీ పట్టకు. ‘నీకెలా తెలిసింది?’ అన్న ప్రశ్నకు జవాబది. కళ్లారా చూస్తే ది, చూడకుండా తెలిస్తే మిష్. పదకొండో శతాబ్దంలోనే మహమూద్ కాష్గరీ తన తుర్కీ నిఘంటువులో ఈ తేడా రాసిపెట్టాడు.

ఇది నీకు కొత్తేం కాదమ్మా. బందరు నుంచి అత్తయ్య ఫోన్ చేస్తే ‘అక్కడ వాన పడిందట’ అంటాం. తెల్లారి తలుపు తీసి తడిసిన రోడ్డు, చూరు నుంచి రాలే చుక్కలు చూస్తే ‘రాత్రి వాన పడ్డట్టుంది’ అంటాం. చుక్క కూడా రాలదనుకున్న రోజైతే ‘అరె, వాన పడిందే!’ అంటాం. ఈ మూడింటికీ టర్కీవాళ్లకు ఒక్క ‘యామిష్’ చాలు. సందర్భాన్నీ గొంతునూ బట్టి పోల్చుకోవాలి. ఇక్కడ మన తెలుగు ఏర్పాటే మెరుగని నా అభిప్రాయం.

నువ్వు తడబడేది ఊహ దగ్గరే. గుమ్మంలో చెప్పులు చూసి ‘వచ్చినట్టున్నాడు’ అంటాం. పినాకిని రైలు వచ్చే వేళ దాటిందని లెక్కగట్టి ‘ఈపాటికి వచ్చుంటాడు’ అంటాం. చెప్పులు చూస్తే గెల్మిష్, లెక్కగడితే గెల్మిష్‌తిర్. కానీ పేపర్లో ఈ తిర్ కనిపిస్తే అది ఊహ కాదు, ఖాయమైన వార్త.

మిష్ ‘నేను’తోనూ వస్తుంది. చదువుతూ చదువుతూ కునుకుపట్టి లేస్తే ‘ఉయుముషుమ్’, నిద్రపోయినట్టున్నాను అని. ఎవరింట్లోనైనా భోజనానికి కూర్చుంటే మొదటి ముద్దకే ‘చోక్ గ్యుజెల్ ఒల్ముష్’ అను. ‘భలే కుదిరిందే!’ అన్నమాట. వండినావిడ సంతోషిస్తుంది.

చూడనిదానికి మాత్రం ది వాడకు, నువ్వక్కడే ఉన్నావనుకుంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ‘కట్ట మళ్లీ తెగిందట’ అన్న మాట వీధి దాటేసరికి ‘తెగింది’ అయ్యేది. ఆ ఒక్క ‘ట’ రాలిపోతే జనం ఎంత హడలిపోయారో కళ్లారా చూశాను. ఏ భాషలోనైనా నువ్వు దాన్ని రాలనివ్వకు.

ఈ వారం మీ వీధిలో చూసినవి, విన్నవి, ఊహించినవి టర్కీ భాషలో రాసి, పక్కనే తెలుగూ రాసి పంపు. దిద్ది పంపిస్తాను.

ఇట్లు,
మామయ్య